గోదావరి డెల్టా నుంచి గనుల ఉద్యోగానికి: డిగ్రీ చేతికి వచ్చాక ఏం చేయాలి

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన నేలను తవ్వితే ఒండ్రు మట్టి, ఇసుక, బంకమన్ను తగులుతాయే తప్ప బొగ్గు గానీ ఇనుప ఖనిజం గానీ తగలవు. ఇంకా చాలా లోతుకు వెళితే చమురూ సహజవాయువూ ఉన్నాయి; వాటి సంగతి తరువాత చెబుతాను. అందుకే అమలాపురంలోనో, భీమవరంలోనో, తణుకులోనో చదువు పూర్తిచేసిన యువతకు గని ఉద్యోగమంటే ఎవరో ఎక్కడో చేసే పనిగానే మిగిలిపోయింది. కొత్తగూడెం, రామగుండం వైపు ఇళ్లలో మస్టరు (హాజరు), ఫస్ట్ షిఫ్టు, ఓవర్‌మన్ (షిఫ్టు పర్యవేక్షకుడు), ప్లేడే (వారపు సెలవు) వంటి మాటలు పిల్లలకు చిన్ననాటి నుంచే తెలుసు. మన ప్రాంతపు పట్టభద్రుడు వాటిని ఉద్యోగంలో చేరిన రోజున మొదటిసారి వింటాడు. ఈ దూరం వల్ల మనవాళ్లు సాధారణంగా రెండు అపోహల్లో ఉంటారు: గనులంటే సింగరేణి ఒక్కటే అనుకోవడం ఒకటి, ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే గనిలో ఎదగడానికి చాలుననుకోవడం మరొకటి. రెండోది ఎక్కువ నష్టం చేస్తుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

డిగ్రీ కన్నా ముందు ధ్రువపత్రాల సంగతి

సాఫ్ట్‌వేర్ సంస్థలో ఎవరిని ఏ పదవిలో కూర్చోబెట్టాలో యాజమాన్యం నిర్ణయిస్తుంది. గనిలో అలా కుదరదు. 1952 నాటి గనుల చట్టంతో స్థిరపడిన పద్ధతి ప్రకారం, ఒక గనిని ఎవరు నడపవచ్చు, ఒక షిఫ్టును ఎవరు పర్యవేక్షించవచ్చు, పేలుడు పదార్థాలను ఎవరు ముట్టుకోవచ్చు అనేవన్నీ నిబంధనలు తేలుస్తాయి. ఆ అర్హతలకు పరీక్షలు పెట్టి ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థ ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీఎంఎస్ అని పిలిచే కార్యాలయం. పెద్ద గనికి మేనేజరుగా ఉండాలంటే ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ తప్పనిసరి. దానికి దిగువన సెకండ్ క్లాస్ ఉంటుంది. కార్మికుల పనిని దగ్గరుండి పర్యవేక్షించే పదవులకూ (బొగ్గు గనుల్లో ఓవర్‌మన్, అతని కింద సర్దార్; లోహ గనుల్లో ఫోర్‌మన్, అతని కింద మేట్), సర్వేయర్లకూ విడివిడిగా ధ్రువపత్రాలు ఉన్నాయి. మైనింగ్ ఇంజనీరింగ్ డిగ్రీ చేసే మేలు ఏమిటంటే, ఈ పరీక్షలకు కూర్చోవడానికి కావలసిన గని అనుభవం డిగ్రీ లేనివారితో పోలిస్తే తగ్గుతుంది. అనుభవం మాత్రం తప్పదు.

ఇక్కడే ఇంకో విభజన ఉంది, దీన్ని కళాశాలలో ఎవరూ గట్టిగా చెప్పరు. బొగ్గు గనుల ధ్రువపత్రం వేరు, లోహ గనుల ధ్రువపత్రం వేరు. వాటిలో మళ్లీ నేలను పైనుంచి తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులకే పరిమితమైన ధ్రువపత్రం ఒకటి, భూగర్భ గనులకు కూడా చెల్లే అన్‌రిస్ట్రిక్టెడ్ ధ్రువపత్రం ఒకటి. రెండోది కావాలంటే భూగర్భంలో నిర్ణీత కాలం పనిచేసి ఉండాలి. చేరిన కొత్తలో సుఖంగా ఉంటుందని ఓపెన్‌కాస్ట్‌లోనే ఉండిపోయినవారు, పదేళ్ల తరువాత మంచి అవకాశం వచ్చినప్పుడు తమ ధ్రువపత్రం దానికి సరిపోదని తెలుసుకుంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మైనింగ్ పట్టభద్రుడు తొలి సంవత్సరాలను వీలైనంత వరకు భూగర్భ గనిలోనే గడపాలి. కిందికి దిగి పనిచేయడానికి పాతికేళ్ల వయసులో ఉండే ఓపిక నలభైలో ఉండదు, పైగా అప్పటికి పిల్లల చదువులు వచ్చి పడతాయి.

ఏ చదువుకు ఏ దారి

మైనింగ్ ఇంజనీరింగ్ చదవడానికి ఒకప్పుడు కొత్తగూడెమో ఉస్మానియానో వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు రాజమహేంద్రవరం పరిసరాల్లోని ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ ఈ శాఖ ఉంది. కానీ ఒక గనిలో మైనింగ్ చదివినవాళ్లే ఉండరు. డంపర్లు, షావెళ్లు, కన్వేయర్లు, పంపులు, ఫ్యాన్లు, సబ్‌స్టేషన్లు నడవాలంటే మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లు కావాలి, వీరి నియామకాలు తరచుగా ‘ఈ అండ్ ఎం’ విభాగం కింద జరుగుతాయి. సివిల్, పర్యావరణం, కంప్యూటర్లు, మానవ వనరులు, గణాంక విభాగాలకూ పోస్టులు వస్తాయి. అయితే ఈ శాఖల వారు గనికి మేనేజరు కాలేరు; అది మైనింగ్ ధ్రువపత్రం ఉన్నవారి పదవి.

భూగర్భశాస్త్రం చదివినవారి దారి కొంత భిన్నం. వారికి యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ప్రధాన ద్వారం. 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకూ, కేంద్ర భూగర్భ జల మండలికీ అధికారులను దాని ద్వారానే ఎంపిక చేస్తారు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసిన డెల్టా విద్యార్థులకు ఈ పరీక్ష కొత్తేమీ కాదు, అక్కడి సీనియర్లను కలిసి పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకోవడం మంచిది. రాష్ట్ర గనుల శాఖలో జియాలజిస్టు, రాయల్టీ ఇన్‌స్పెక్టరు వంటి పోస్టులు కూడా ఉంటాయి గానీ, ప్రకటనలు ఎప్పుడు వస్తాయో నమ్మకం లేదు కనుక దాన్ని ఒక్కదాన్నే పట్టుకొని కూర్చోకూడదు.

ఎక్కడికి దరఖాస్తు చేయాలి

గోదావరి లోయలోని బొగ్గు సంగతి 1871లో ఇల్లందు దగ్గర బయటపడింది. సింగరేణి సంస్థ ఆ లోయ పొడవునా కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల్లో విస్తరించి ఉంది. మన ఇళ్ల ముందు నుంచి సముద్రంలోకి పోయే నీరే ఆ ఊళ్ల పక్క నుంచి వస్తుంది కనుక, అది మన సంస్థే అన్న భావన డెల్టాలో చాలామందికి ఉంది. నియామకాల లెక్క అలా లేదు. ఆ సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది, పోస్టుల్లో అధిక భాగం తెలంగాణ స్థానికులకే కేటాయిస్తారు. ఆంధ్రప్రదేశ్ అభ్యర్థి మిగిలిన కొద్ది పోస్టులకు అందరితో కలిసి పోటీపడాలి. దరఖాస్తు చేయవద్దని అనను, అయితే దాని మీదే ఆశ పెట్టుకొని రెండేళ్లు ఇంట్లో కూర్చోవడం తెలివైన పని కాదు.

స్థానికత అడ్డురాని పెద్ద సంస్థ కోల్ ఇండియా. 1975లో ఏర్పడి, కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఈ సంస్థకు జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో గనులు నడిపే అనుబంధ సంస్థలు ఉన్నాయి. ఇంజనీరింగ్ శాఖల మేనేజ్‌మెంట్ ట్రైనీలను 2024 ప్రకటనలో గేట్ (ఇంజనీరింగ్ పట్టభద్రులకు జరిగే జాతీయ పరీక్ష) స్కోరు ఆధారంగా ఎంపిక చేశారు. శిక్షణ కాలంలో ఈ2 గ్రేడులో 50,000–1,60,000 వేతన శ్రేణి, శిక్షణ ముగిశాక ఈ3లో 60,000–1,80,000 శ్రేణి ఇస్తున్నారు. పోస్టింగు సింగ్రౌలిలో రావచ్చు, ధన్‌బాద్‌లో రావచ్చు. సింగ్రౌలి ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లకూ, ఆ పైన సంబంధం చూడవచ్చినవాళ్లకూ వివరించడం వేరే పరీక్ష.

ఇనుప ఖనిజం వైపు వెళ్లాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఎన్‌ఎండీసీ ఉంది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నా, గనులు ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా కొండల్లోనూ, కర్ణాటకలోని దోణిమలైలోనూ ఉన్నాయి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న రైలు మార్గం మీదుగా బైలడిలా ఖనిజం విశాఖ రేవుకు వస్తుంది, అదే మార్గంలో మనవాళ్లు ఉద్యోగానికి వెళతారు. మన రాష్ట్రంలోనే ఉండిపోవాలనుకుంటే కడప జిల్లా తుమ్మలపల్లెలోని యురేనియం గని, మంగంపేటలో రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) నడిపే ముగ్గురాయి (బెరైటీస్) గని, చీమకుర్తి గ్రానైటు, పల్నాడు, కడప వైపు సిమెంటు కర్మాగారాల సున్నపురాయి గనులు ఉన్నాయి. సిమెంటు సంస్థల ఉద్యోగాలను మన విద్యార్థులు చిన్నచూపు చూస్తారు గానీ, ఓపెన్‌కాస్ట్ లోహ గనుల అనుభవం త్వరగా మొదలుపెట్టడానికి అవి సరైన చోటు. సున్నపురాయి కూడా లోహ గనుల నిబంధనల కిందికే వస్తుందన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మన కాళ్ల కింద ఉన్న చమురు, వాయువు సంగతి. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఓఎన్‌జీసీ తవ్విన బావి చట్టం దృష్టిలో గనే. అక్కడ కూడా డీజీఎంఎస్ తనిఖీలు ఉంటాయి. రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న ఓఎన్‌జీసీ అసెట్‌లో డ్రిల్లింగ్, ప్రొడక్షన్ ఇంజనీర్లు, జియాలజిస్టులు, రసాయన నిపుణులు పనిచేస్తారు. అయితే నియామకం దేశవ్యాప్తంగా జరుగుతుంది. ఇంటి దగ్గరి రిగ్ చూసి చేరినవారికి అస్సాంలో పోస్టింగు రావడం మామూలే. ఈ పని ప్రమాదం ఎలాంటిదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు, 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండింది. చమురు బావి దగ్గరి అనుభవం బొగ్గు గని మేనేజరు పరీక్షకు పనికిరాదు కాబట్టి, ఈ రెండు దారుల మధ్య ఆలోచించి ఎంచుకోవాలి.

గేట్, దానితో పాటు చేయవలసినవి

మైనింగ్ వారికి గేట్‌లో ఎమ్ఎన్ పేపరు, జియాలజీ వారికి జీజీ పేపరు ఉంటాయి. మూడు గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు; అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌కు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కనుక చివరి సంవత్సరంలోనే రాయడం మంచిది. మైనింగ్ పేపరులో మన విద్యార్థులు వెనకబడేది లెక్కల దగ్గర: వెంటిలేషన్ నెట్‌వర్కులు, శిలా యాంత్రిక శాస్త్రం, సర్వేయింగ్, మైన్ సిస్టమ్స్ ఇంజనీరింగ్. వీటిని చదివితే సరిపోదు, తెర మీద కనిపించే కాలిక్యులేటరుతోనే సాధన చేయాలి. సొంత కాలిక్యులేటరు పరీక్ష గదిలోకి రానివ్వరు.

స్కోరు తగినంత రాకపోతే నిరాశ పడి కూర్చోకుండా, అప్రెంటిస్ చట్టం కింద జరిగే ఏడాది శిక్షణ కోసం దరఖాస్తు చేయండి. గనుల్లో దీన్ని పీజీపీటీ (డిగ్రీ తరువాతి ప్రాక్టికల్ శిక్షణ) అంటారు, డిప్లొమా వారికి పీడీపీటీ. అప్రెంటిస్‌ల కోసం కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, బొగ్గు సంస్థలు ప్రకటన ఇచ్చినప్పుడు స్పందించాలి. ఇచ్చేది ఉపకార వేతనమే అయినా గనిలోకి దిగి పని నేర్చుకునే అవకాశం దొరుకుతుంది. ఖాళీగా ఉన్న ఏడాది కన్నా ఈ ఏడాది ఎంతో విలువైనది.

బొగ్గు గనుల మేనేజరు ధ్రువపత్రం కోసం మరో రెండు చిన్న ధ్రువపత్రాలు కావాలి: ప్రథమ చికిత్స ఒకటి, గ్యాస్ టెస్టింగ్ ఒకటి. ప్రథమ చికిత్సను సెయింట్ జాన్ అంబులెన్స్ నిర్వహించే తరగతుల్లో ఇంటి దగ్గర ఉండగానే పూర్తిచేయవచ్చు. గ్యాస్ టెస్టింగ్ మాత్రం చూసి నేర్చుకోవలసిన విద్య. సేఫ్టీ ల్యాంపు వత్తిని బాగా తగ్గించి, ఆ చిన్న జ్వాల పైన లేత నీలి రంగులో నిలిచే కొన ఎత్తును బట్టి గాలిలో మీథేన్ శాతం ఎంతో చెప్పాలి. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది, కానీ 1.25 శాతం దాటగానే అక్కడి విద్యుత్తు ఆపివేయాలని నిబంధన. అంత సన్నని నీలి కొనను చీకట్లో గుర్తుపట్టడానికి కంటికి అలవాటు కావాలి.

కాగితాల విషయంలో డెల్టా అభ్యర్థులు తరచుగా దెబ్బతినేది రిజర్వేషను ధ్రువపత్రం దగ్గర. రాష్ట్రంలో బీసీగా ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటుందని లేదు, ఉన్నా కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయరు వివరంతో ఉన్న పత్రమే కేంద్ర సంస్థలకు చెల్లుతుంది. సచివాలయంలో దరఖాస్తు చేసేటప్పుడే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కోసమని స్పష్టంగా రాయండి. ఈడబ్ల్యూఎస్ పత్రమైతే ఏ ఆర్థిక సంవత్సరానిదో సరిచూసుకోండి.

వైద్య పరీక్ష సంగతి అంతకన్నా ముఖ్యం. చేరే ముందు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు, వినికిడి, చూపు అన్నీ పరీక్షిస్తారు, ఉద్యోగంలో ఉన్నంత కాలం నిర్ణీత వ్యవధుల్లో మళ్లీ చేస్తారు. కొన్ని విభాగాలకు వర్ణాంధత్వం ఉంటే అనర్హత. రెండేళ్లు గేట్ కోసం కష్టపడి చివరి మెట్టు మీద ఈ సంగతి తెలియడం కన్నా, ముందుగానే కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో కంటి వైద్యుడి దగ్గర రంగుల పరీక్ష చేయించుకుంటే ఏ విభాగం వైపు వెళ్లాలో తేలిపోతుంది.

ఇక హిందీ. దీన్ని ఎవరూ సిలబస్‌లో చేర్చరు గానీ, జార్ఖండ్, మధ్యప్రదేశ్‌లలో పోస్టింగు వచ్చిన మన ఇంజనీరుకు మొదటి కష్టం ఇదే. చేరిన కొద్ది నెలల్లోనే మీకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లైన కార్మికులకు మీరు పని అప్పగించాలి, ప్రమాదం కనిపిస్తే ఒక్క అరుపుతో ఆపించాలి. అప్పుడు వాక్యం వెతుక్కుంటూ నిలబడకూడదు.

డబ్బు తీసుకుని గనుల్లో ఉద్యోగం ఇప్పిస్తామనే మధ్యవర్తులు కూడా ఉన్నారు. పొలం అమ్మి వాళ్ల చేతిలో పోసిన కుటుంబాలూ ఉన్నాయి. సంస్థ అధికారిక వెబ్‌సైటులో ప్రకటన లేని పోస్టు లేనట్లే.

లోపలికి దిగిన తరువాత

ముందు వృత్తి శిక్షణ కేంద్రంలో ప్రాథమిక శిక్షణ ఇస్తారు. ఆ తరువాత షిఫ్టు జీవితం మొదలవుతుంది: మస్టరు వేయించుకోవడం, ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు, విషవాయువుల నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ తీసుకోవడం, గని ద్వారం దగ్గర తనిఖీకి నిలబడటం. బొగ్గు గనిలోకి అగ్గిపెట్టె, బీడీ, మామూలు సెల్‌ఫోను తీసుకెళ్లడం నేరం. పని జరిగే చోటికి చేరగానే అనుభవజ్ఞుడైన సర్దార్ చేసే మొదటి పని చూడండి. చేతికర్రతో పైకప్పును తట్టి వింటాడు: రాయి గట్టిగా ఉంటే ఖంగుమని పలుకుతుంది, పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. ఆ తేడా మీ చెవికి పట్టేదాకా అతని పక్కనే నడవండి, ‘సర్’ అని పిలిపించుకునే హోదా వచ్చినా సరే. నీటి విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది చనిపోయారు. పాత తవ్వకాల్లో నిలిచిన నీరు ఎక్కడుందో చూపే ప్లాన్లను కొత్త ఇంజనీరు మొదటి వారంలోనే సర్వే ఆఫీసులో కూర్చుని చదవాలి.

అమ్మాయిలకు ఈ రంగం మూసుకుపోయిందన్న మాట పాతబడింది. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన సడలింపుతో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పదవుల్లో మహిళలు భూగర్భ గనుల్లో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా, కనీసం ముగ్గురు కలిసి పనిచేసే షరతుతో, ఉద్యోగం చేయడానికి వీలు కలిగింది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో వారి లిఖితపూర్వక అంగీకారంతో రాత్రి షిఫ్టు కూడా చేయవచ్చు. 2021లో జార్ఖండ్‌లోని చూరి భూగర్భ గనిలో ఒక మహిళా మైనింగ్ ఇంజనీరు చేరారు. చేరే ముందు ఆ గనిలో విశ్రాంతి గది, మరుగుదొడ్లు, రవాణా ఎలా ఉన్నాయో అక్కడ పనిచేస్తున్నవారిని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

చివరిగా, అనుభవ ధ్రువపత్రం గురించి. మేనేజరు పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు మీరు ఏ గనిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, భూగర్భంలోనా ఓపెన్‌కాస్ట్‌లోనా, ఏ పని చేశారో ఆ గని మేనేజరు సంతకంతో చూపాలి. బదిలీ అయిన తరువాత, సంతకం పెట్టవలసిన మేనేజరు కూడా మారిపోయాక, ఈ కాగితం కోసం తిరగడం చాలా కష్టం. అందువల్ల రోజువారీ పనిని చిన్న పుస్తకంలో రాసుకుంటూ, ప్రతి గని నుంచి రిలీవ్ అయ్యే రోజునే డీజీఎంఎస్ నమూనాలో పత్రం రాయించి, సంతకం, ముద్ర వేయించుకుని, ఒక నకలు ఇంటికి పంపించండి.